గేర్ ఆయిల్ పోసుకో

"ఈ బండి ఇక మా ఇంటి ముందు ఉండటానికి వీల్లేదు బావగారూ. ఇవాళే తీసుకుపోండి," అంటూ చెల్లెలి భర్త కారు తాళంచెవి తెచ్చి గేరన్న చేతిలో పెట్టాడు.

పెట్టిన తీరు మర్యాదగానే ఉంది. ఆ మర్యాదే గేరన్నకు ముల్లులా గుచ్చుకుంది. ప్రెస్సులో పదిమంది మీద అజమాయిషీ చేసే బావ, గొంతు పెంచడం తెలియనివాడేమీ కాదు. అరిచినా బాగుండేది, తిరిగి అరవడానికి వీలుండేది.

ముందుగది నిండా మందుల వాసన. సోఫాలో బావ తల్లి కుడిచేతికి మోచేతిదాకా కట్టుతో, చేతి కింద దిండు పెట్టుకుని కూర్చుంది. ఎడమచేత్తో కప్పు పట్టుకోవడం ఆవిడకు ఇంకా చేతకావడం లేదు. సాసరు నిండా టీ ఒలికి ఉంది. చెల్లెలు దాన్ని తుడవడానికి లేచి, మొగుడి ముఖం చూసి, మళ్లీ కూర్చుంది.

జరిగింది అందరికీ తెలిసిందే, ఎవరూ ఎత్తనిదీ అదే. ఆ ఇల్లు రోడ్డుకంటే పల్లంలో ఉంది. గేటు దాటాక బండి ఎత్తెక్కి రోడ్డు మీదికి చేరాలి. మొన్న పొద్దున చెల్లెలు పనికి బయలుదేరింది, అత్తగారు వెనకాలే వచ్చి గేటు మూస్తోంది. ఎత్తు మీద బండి ఒక్క క్షణం ఆగింది. చెల్లెలు బ్రేకు వదిలి ఎక్సలేటరు తొక్కింది. ఇంజను గొంతు చించుకుని అరిచింది గానీ బండి ముందుకు పోలేదు. వెనక్కి జారింది. గేటును గుద్దింది, గేటు అత్తగారిని గుద్దింది. పడినప్పుడు చెయ్యి కిందకు పోయి మణికట్టు విరిగింది.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో నిలబడి, బావ అడిగిన మొదటి ప్రశ్నకే గేరన్న జవాబు చెప్పేశాడు. బండిని చూడలేదు, తాకలేదు. చెప్పేశాడు.

అది ఆటోమేటిక్ బండి. క్లచ్ లేదు, ఎడమ కాలికి పనే లేదు. చెల్లెలికి చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు సన్నబడింది, అందుకే గేరన్న వెతికి వెతికి ఆ పాతబండిని పట్టుకొచ్చి ఇప్పించాడు. ఆ కాలు బ్రేకు మీద ఆనించి నడుపుతోందన్నాడు. దానికి ఆ కాల్లో పట్టు ఎక్కడుంది, ఎక్కడ పెడుతోందో దానికే తెలియదన్నాడు. ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు ఎక్సలేటరు మీద వేస్తే ఏ గేర్ బాక్స్ అయినా కాలిపోతుందన్నాడు. బావ విన్నాడు. స్ట్రెచర్ మీద అత్తగారు విన్నది. గోడకు చేరబడి చెల్లెలూ విన్నది. నేను ఎడమ కాలు పెట్టలేదన్నయ్యా అని ఒక్కసారి అన్నది. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు బావ ఆ మాటలే తిరిగి అప్పజెప్పాడు. మీరే కదా చెప్పారు, మీకంటే తెలిసినవాళ్లెవరు, ఆ కాలితో నడపడం మొదటినుంచీ నాకు ఇష్టంలేదు, మీరు భరోసా ఇచ్చారని ఊరుకున్నాను అన్నాడు. బండి అమ్మేస్తున్నారట. ఎవరో చూడటానికి ఎల్లుండి వస్తారట. చెల్లెలు కళ్లద్దాల దుకాణంలో పని మానేస్తుందట. ఎలాగూ అమ్మకు చెయ్యి బాగయ్యేదాకా ఇంట్లో మనిషి కావాలి, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదని గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. దుకాణం ఊరి ఆ చివర ఉంది, రెండు బస్సులు మారాలి. బస్సు మెట్లు ఆ కాలితో ఎక్కలేకే కదా ఈ బండి. వచ్చినవాళ్లకు చూపు పరీక్షించి, ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అని అడుగుతూ ఉంటే చెల్లెలు మనిషే వేరుగా ఉంటుంది. గేరన్న ఒకసారి దగ్గరి చూపుకు అద్దాలు చేయించుకోవడానికి వెళ్లి, అక్షరాలు చదవడం మానేసి చెల్లెల్నే చూస్తూ కూర్చున్నాడు. "అన్నయ్యా, గోడ మీద చూడు" అని కసిరింది.

"నువ్వేమంటావమ్మా?" అని అడిగాడు ఇప్పుడు.

చెల్లెలు చీరకుచ్చిళ్ల కింద నుంచి కనపడుతున్న తన ఎడమ పాదం వైపు చూసింది. పక్కింటివాళ్ల పిల్లను చూసినట్టు చూసింది.

"ఏమో అన్నయ్యా. పెట్టలేదనే అనుకున్నాను. పెట్టానేమో. నువ్వన్నట్టు అది ఎక్కడుందో నాకే తెలీదేమో," అన్నది.

గేరన్న తాళంచెవి జేబులో వేసుకుని లేచాడు.

* * *

గేరన్న అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. షెడ్డుల వీధిలో ఒకరు టైర్లు చూస్తారు, ఒకరు డెంట్లు తీస్తారు, ఒకరు రంగులు వేస్తారు. ఇతను గేర్ బాక్స్ తప్ప ఇంకేదీ ముట్టడు. బోనెట్ ఎత్తి ఇంజను చూడమంటే, అది నా శాఖ కాదని చెయ్యి కడుక్కుంటాడు. ఆ బింకానికి వీధి పెట్టిన పేరు అది. పెళ్లిపత్రికల మీద కూడా ఆ పేరే రాసి పంపుతారు.

బండిని తాళ్లతో లాగించి షెడ్డుకు చేర్చి, అరుగు లాంటి చదునునేల మీద నిలబెట్టాడు. తనే కూర్చుని స్టార్ట్ చేశాడు. ఇంజనుకు జబ్బేమీ లేదు, పిల్లిలా గురగురలాడింది. బ్రేకు నొక్కి పట్టి గేర్ రాడ్డును రివర్సులోకి లాగాడు. పట్టుకోవాల్సిన గేరు పట్టుకోలేదు. కాసేపటికి ఒక్క కుదుపు. ముందుకు నడిపే డి లో వేశాడు. అంతకంటే ఎక్కువసేపు ఏమీ లేదు, తర్వాత ఒళ్లు విరుచుకున్నట్టు ఒక కుదుపు. బ్రేకు వదలకుండా కొంచెం ఎక్సలేటరు ఇచ్చాడు. మామూలుగా అయితే బండి ముందుకు దూకాలని గింజుకోవాలి. ఇది గింజుకోలేదు, ఇంజను మాత్రం పైకి పైకి పాడింది.

లోపల గేరును పట్టుకోవాల్సిన ప్లేట్లు జారుతున్నాయి. కంప్యూటర్ తగిలించి చూస్తే అదీ ఆ మాటే చెప్పింది. జారుతోందని చెప్పింది గానీ ఎందుకు జారుతోందో చెప్పలేదు.

గేరన్నకు తెలుసు ఎందుకో. చెల్లెలు ఎడమ కాలితో తొక్కి తొక్కి ప్లేట్లు కాల్చేసింది. తను బండిని చూడకుండానే చెప్పింది నిజమైంది. లోపలెక్కడో కాస్త గర్వంలాంటిది కదిలింది కూడా. కదిలినందుకు వెంటనే సిగ్గేసింది. చెల్లెలి బతుకు బండలైపోతుంటే ఇతనికి తన మాట నెగ్గిందని సంబరం.

ఇంజను వేడెక్కనిచ్చి, గేరు ఒక్కొక్క గదిలోకీ తిప్పి, మళ్లీ పార్కింగ్‌లో పెట్టి దిగాడు. ఆటోమేటిక్ బండికి ఆయిల్ చూడాలంటే ఇదే పద్ధతి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే అబద్ధం చెబుతుంది. బోనెట్ ఎత్తి గేజీ పుల్ల బయటికి లాగాడు. తుడిచి మళ్లీ దింపి లాగాడు.

ఈ గేర్ బాక్స్‌లో ఉండాల్సింది ఎర్రటి పల్చటి ఆయిల్. పాతబడితే గోధుమరంగు తిరుగుతుంది. ప్లేట్లు కాలితే నల్లబడి మాడిన పాల వాసన వేస్తుంది. గేరన్న ఆ నలుపు కోసమే చూశాడు.

నల్లగా లేదు. ఎర్రగానూ లేదు. పుల్లకు జిగటగా పట్టుకుని, నురగ కక్కుతూ, మడ్డిగా ఉంది. వేళ్ల మధ్య రాస్తే తీగలు సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడు వాసన లేదు. అగ్గిపుల్లల తలలు నలిపినట్టు ఘాటుగా కొట్టింది.

ఆ వాసన ఆ వీధిలో కళ్లు మూసుకుని కూడా చెప్పగలరు. అది గేర్ ఆయిల్. లారీలకూ, వ్యాన్లకూ, చేత్తో గేర్లు మార్చే బండ్లకూ పోసే చిక్కటిది. ఆటోమేటిక్ బండిలో అది పోయడమంటే, సన్నటి సందుల్లో ఆయిల్ ఒత్తిడి మీద బతికే యంత్రం గొంతులో జిగురు పోయడం.

కిందికి వెళ్లి, గేర్ బాక్స్ అడుగున ఉండే తొట్టి విప్పి దింపాడు. ప్లేట్లు కాలిపోయి ఉంటే తొట్టిలో మసి పేరుకుని ఉండాలి. లేదు. తొట్టిలో అయస్కాంతం ఉంటుంది, అరిగిన ఇనుము దానికి అతుక్కుంటుంది. దాన్ని తుడిస్తే గుడ్డకు సన్నటి బూడిద మరక అంటింది, ఈ వయసు బండికి ఆ మాత్రం ఉంటుంది. ఫిల్టర్ నిండా ఆ జిగురే. ఇంకొంచెం వెతికితే ఆయిల్‌ను చల్లార్చే గొట్టం జాయింటు దగ్గర తడి కనిపించింది. అంటే మొదట కాస్త కాస్తగా కారి ఆయిల్ తగ్గింది. ఆ తర్వాత ఎవరో ఈ దరిద్రం పోశారు.

రెండు కాళ్లతో నడిపిన బండి కాదు ఇది. గేర్ బాక్స్ తొట్టి అంత స్పష్టంగా చెబుతోంది.

అయితే ఏ పెట్రోలు బంకువాడు చేశాడీ పని? వాడి పేరు తెలిస్తే వాడి గుమ్మంలోకి వెళ్లి కడిగేయాలనుకున్నాడు. కోపం రావడం ఎంత హాయిగా ఉందో అనుకుంటూనే, ఏదైనా ఆధారం ఉంటుందేమోనని డిక్కీ తెరిచాడు.

పాత తువ్వాలులో చుట్టి ఒక డబ్బా ఉంది. దాని పక్కన నీళ్లసీసా పైభాగం కోసి చేసిన గరాటు. రెండూ శుభ్రంగా తుడిచి ఉన్నాయి, చెల్లెలు ఏ వస్తువైనా తుడవందే లోపల పెట్టదు. డబ్బాలో ఇంకా కాస్త మిగిలి ఉంది. ఇంత జిగురుని ఆ సన్నటి గొట్టంలోంచి పోయడానికి పొద్దుటిపూటంతా పట్టి ఉంటుంది. ఆ కాలితో అంతసేపు నిలబడి ఉంటుంది.

సీసా కోసి గరాటు చేసుకోమని చెప్పింది ఎవరు?

గేరన్న డిక్కీ అంచు పట్టుకున్నాడు.

ప్రమాదానికి ముందు చెల్లెలు ఫోను చేసిన రోజు ఒక వ్యాను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను. అన్నయ్యా, డి లో వేస్తే బండి కాసేపు ఆలోచించి కదులుతోంది అన్నది చెల్లెలు. ఆలోచించనీలే, నీకంటే నయం అని నవ్వాడు. ఆయిల్ తగ్గి ఉంటుంది, ఒక డబ్బా తెచ్చి పోసుకో, గేజీ పుల్ల పెట్టే గొట్టంలోంచే పొయ్యాలి, సీసా కోసి గరాటు చేసుకో అన్నాడు. ఏ ఆయిల్ అన్నయ్యా, ఏమని అడగాలి అన్నది.

"గేర్ ఆయిల్ అని అడుగు. వాడే ఇస్తాడు," అన్నాడు.

షెడ్డులో అతను ఆ మాట ఎప్పుడూ అనడు. షెడ్డులో అది ఎర్ర ఆయిల్. ఎవరైనా నోరు జారి దాన్ని గేర్ ఆయిల్ అంటే, పనికి పంపేముందు మీ అమ్మ నీకు రంగులు నేర్పలేదా అని క్లాసు పీకుతాడు. కానీ ఫోనులో ఉన్నది ఇంటి మనిషి, ఆడపిల్ల, దానికి ఎర్రదీ పచ్చదీ ఏం తెలుస్తుందిలే అని గేర్లలో పోసేది గేర్ ఆయిల్ అని పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. చెల్లెలు పిల్ల కాదు. చెప్పింది చెప్పినట్టు వెళ్లి అడిగింది. దుకాణంవాడు అడిగింది అడిగినట్టు ఇచ్చాడు.

పైగా అది అడిగింది. ఏ ఆయిల్ అని అడిగింది.

గేరన్న ఆ జిగురు చేతులతోనే షెడ్డు గుమ్మంలో కూలబడ్డాడు. అటు పోతున్న టైర్ల షెడ్డాయన ఏమన్నా ఒంట్లో బాగాలేదా అని పలకరించాడు. బాగానే ఉంది, ఎండ అన్నాడు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

* * *

ఇంట్లో భార్యకు చెప్పాడు. చెప్పకుండా ఉండాలనే వచ్చాడు గానీ, ఆవిడ అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని, ముద్ద ఎత్తడం లేదేమని అడిగేసరికి మొత్తం కక్కేశాడు.

ఆవిడ ఓపిగ్గా విన్నది. విని, లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చింది. బండి బాగవుతుందా అని అడిగింది. కడిగి, ఫిల్టర్ మార్చి, ఆ గొట్టం జాయింటు మార్చి, ఎర్ర ఆయిల్ పోస్తే నూటికి తొంభైపాళ్లు అవుతుందన్నాడు. అయితే ఇంకేం, బాగుచేసి ఇచ్చెయ్యండి, లోపల ఏదో చిన్న భాగం చెడిపోయిందని చెప్పండి, కాలి సంగతి పొరపాటు పడ్డానని నెమ్మదిగా సర్దండి అన్నది.

"అంటే ఆయిల్ మాట చెప్పొద్దంటావు."

"చెప్తే ఆవిడ చెయ్యి రేపటికి అతుక్కుంటుందా? మీ బావ సంగతి మీకు తెలియదా? చెల్లెల్ని మళ్లీ మన గుమ్మం తొక్కనిస్తాడా? ఆటోమేటిక్‌లో గేర్ ఆయిల్ పోయించాడని వీధిలో పొక్కితే రేపు మీ షెడ్డుకు బండి వస్తుందా?"

ఒక్కొక్క మాటా ఉన్నమాటే. అందుకే గేరన్నకు ఒళ్లు మండింది. నీకు నా షెడ్డు కనిపిస్తోంది, అది పని మానేస్తోంది, అది కనపడటం లేదా అన్నాడు. కనపడుతోంది, బండి బాగుచేసి ఇస్తే మానదు కదా అన్నది ఆవిడ. మానదని ఎవరు చెప్పారు, అది తన కాలిని తనే నమ్మడం లేదు, చూసి వచ్చాను అన్నాడు. ఎవరివల్ల అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే పోట్లాట అక్కడితో అయిపోయేది.

అడక్కుండా అతని కంచంలో చల్లారిపోయిన కూర తీసి, వేడిది వేసింది.

"చెప్పాలనుకుంటే చెప్పండి. నేను అడ్డం రాను. కానీ దాని కోసం చెప్తున్నారో, మీ మనసు తేలిక చేసుకోవడం కోసం చెప్తున్నారో ముందు తేల్చుకుని వెళ్లండి. రెండోదయితే దేవుడికి చెప్పుకోండి, వాళ్లకు వద్దు."

గేరన్న ఆ రెండు ముక్కల మధ్య నలిగాడు. పక్క మీద దొర్లాడు. తెల్లారి షెడ్డుకు వెళ్లి, గేర్ బాక్స్ కడుగుతున్నంతసేపూ అదే ఆలోచించాడు. పల్చటి ఆయిల్ పోసి ఇంజను తిప్పి, ఆ జిగురంతా కక్కించి, మళ్లీ పోసి మళ్లీ కక్కించాడు. ఆఖరికి తొట్టిలోకి ఎర్రగా, తేటగా దిగింది. ఆ ఎరుపు చూసి ఎప్పుడూ సంతోషపడేవాడు. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా చుట్టూ చూశాడు. ఒకవేళ చెప్పకూడదనుకుంటే, గేర్ బాక్స్‌లో ఇక ఆనవాలే లేదు.

అది తోచాకనే చేతులు కడుక్కున్నాడు. జాయింటుకు కొత్త వాషరు ఇంకా రావాలి, బండిని అలాగే వదిలేసి, బస్సెక్కి చెల్లెలి ఇంటికి బయలుదేరాడు. ఎవరి కోసం చెబుతున్నాడో అప్పటికీ తేలలేదు.

* * *

వెళ్లేసరికి ముందుగదిలో ముగ్గురూ ఉన్నారు. అత్తగారికి చెల్లెలు తల దువ్వుతోంది. బావ ఎవరితోనో ఫోనులో బండి గురించే మాట్లాడుతున్నాడు, రేపు పొద్దున వచ్చి చూసుకోండి, షెడ్డు అడ్రసు ఇస్తాను అంటున్నాడు. గేరన్నను చూసి కూర్చోమని చెయ్యి చూపించాడు.

గేరన్న కూర్చోలేదు. ఫోను పెట్టేదాకా నిలబడ్డాడు.

"బండి అమ్మవద్దు బావా. బండిలో తప్పు లేదు. చెల్లెలి కాలిలోనూ లేదు."

బావ ముఖం చిట్లించాడు. మొన్న ఒకటి చెప్పి ఇవాళ ఒకటి చెబుతున్నారేమిటన్నాడు. గేరన్న బస్సులో కూర్చి పెట్టుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పాడు. గేజీ పుల్లకు అంటిన జిగురు చెప్పాడు, వాసన చెప్పాడు, తొట్టిలో మసి లేకపోవడం చెప్పాడు. రెండు కాళ్లతో నడిపిన గుర్తు ఒక్కటీ లేదని చెప్పాడు. పోయకూడని ఆయిల్ పోశారు, దాంతో గేరు పట్టు తప్పింది, ఎత్తు మీద బండి జారింది అన్నాడు.

"ఎవరు పోశారు?" అన్నాడు బావ.

చెల్లెలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నేనేనండీ," అన్నది.

బావ పెళ్లాం వైపు తిరిగాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, ఆ తప్పు చెల్లెలి మీదే స్థిరపడిపోతుంది. ఆ క్షణం ఎంత పెద్దదో గేరన్నకు తెలిసింది. అది తనను ఎంత ఊరించిందో కూడా తెలిసింది.

"అది పోసింది. పొయ్యమన్నది నేను. ఏ ఆయిల్ అని అడిగింది కూడా. గేర్ ఆయిల్ అని నా నోటితో నేనే చెప్పాను. అత్తయ్యగారూ, మీ చెయ్యి విరగ్గొట్టింది నేను."

అత్తగారు కట్టు కట్టిన చేతిని కొంచెం పైకి జరుపుకుంది. సగం జడ విడిపోయి భుజం మీద పడి ఉంది.

బావ గొంతు పెంచలేదు. ఫోనులో మాట తడబడటం ఎవరికైనా జరుగుతుంది, దానికి నేనేమీ అనను అన్నాడు. కానీ బండిని చూడకుండా, తలుపైనా తెరవకుండా, ఆస్పత్రిలో అంతమంది ముందు అంత గట్టిగా ఎలా చెప్పగలిగారని అడిగాడు. గేరన్న, అప్పుడు ఆయిల్ సంగతి గుర్తు లేదు బావా, నిజంగా గుర్తు లేదు అన్నాడు.

"గుర్తు లేదు," అన్నది చెల్లెలు. "నా కాలు మాత్రం గుర్తుకొచ్చింది."

దువ్వెన సోఫా మీద పెట్టి, ముందుకు వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. ఏడిస్తే గేరన్నకు ఓదార్చడానికైనా ఒక పని ఉండేది.

"ఆయిల్ మాట పొరపాటన్నయ్యా. పొరపాటని నాకు ముందే అనుమానం. నాకు గేర్ ఆయిల్ ఇస్తూ ఆ దుకాణంవాడు ఏ బండికమ్మా అని అడిగాడు కూడా. మా అన్నయ్య చెప్పాడు, ఇచ్చెయ్ అన్నాను. అదయితే నేను ఎవరికీ చెప్పేదాన్ని కూడా కాదు. కానీ నువ్వు కాలు అన్నావు. నడపడం నేర్పింది నువ్వు. ఎడమ కాలు సీటు పక్కకు జరుపుకుని కూర్చోమన్నది నువ్వు. రోజూ అలాగే కూర్చున్నాను. అలాగే కూర్చున్నానని నాకు తెలిసి కూడా, నువ్వు చెప్పావు కాబట్టి నిజమే అయ్యుంటుందనుకున్నాను."

గేరన్న ఏదో అనబోయాడు.

"ఉండు. అప్పట్నుంచి నిలబడేముందు ఆ కాలు ఎక్కడుందో వంగి చూసుకుంటున్నాను. పొయ్యి మీది నుంచి వేణ్నీళ్లు దించాలంటే భయం. అత్తయ్యను స్నానాల గదికి పట్టుకుని తీసుకెళ్లాలంటే భయం, నా కాలు నాకు తెలియకుండా ఏం చేస్తుందోనని. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు కుంటిది అంటే కొట్టడానికి పోయేవాడివి నువ్వు. వాళ్లన్నా నేను నమ్మలేదు. నువ్వంటే నమ్మాను."

గేరన్నకు క్షమించమ్మా అనడానికి కూడా మొహం చెల్లలేదు. రేపటికి బండి అయిపోతుంది, నేనే తీసుకొస్తాను, మొదట్లోలాగా పక్కన కూర్చుంటాను, నాలుగు రోజులు నడిపితే నీ భయం పోతుంది అన్నాడు.

బావ అడ్డం వచ్చాడు. బండి మళ్లీ ఈ ఇంటికి వస్తుందని నేనెప్పుడు ఒప్పుకున్నానన్నాడు.

చెల్లెలు మొగుడి వైపు చూడలేదు. "బండి పంపించు. నడుపుతాను," అన్నది గేరన్నతో. "పక్కన మాత్రం నువ్వు కూర్చోవద్దు."

"మరెవరు కూర్చుంటారమ్మా?"

జవాబు సోఫాలోంచి వచ్చింది.

"నేను కూర్చుంటాను," అన్నది అత్తగారు. "ఈ చెయ్యి ఎలాగూ పనికిరాదు, ఇంకో చెయ్యి ఉందిగా పట్టుకోవడానికి. రావే, ఆ జడ సంగతి చూడు, ఇలా సగంలో వదిలేస్తే ఎలా?"

బావ తల్లి వైపు తిరిగి, అమ్మా, నువ్వు దీంట్లో కలగజేసుకోవద్దన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. చెల్లెలు సోఫా వెనక్కి వెళ్లి, జుట్టు మళ్లీ చేతిలోకి తీసుకుని పాయలు విడదీయడం మొదలుపెట్టింది. బావ ఫోను తీసి, బండి కొనడానికి వచ్చేవాడి నంబరు వెతుక్కుంటూ వాకిట్లోకి వెళ్లాడు. రావద్దని చెప్పడానికో, పొద్దున్నే రమ్మని చెప్పడానికో తెలియలేదు.

గేరన్న ఆ గదిలో నిలబడే ఉన్నాడు. వెళ్లమని అతన్ని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.